చిన్న పొట్ట, పల్చటి జావ

అన్నప్రాసన రోజు ఇల్లంతా సందడిగా ఉంటుంది. వెండి గిన్నెలో పరమాన్నం, మేనమామ ఒళ్లో బిడ్డ, ఉంగరంతో నాలుక మీద తాకించిన మెతుకు, ఎదురుగా పుస్తకం, పెన్ను, పూలు, నగ, దేని మీద చెయ్యేస్తాడా అని చుట్టూ అందరి చూపులూ. మగపిల్లాడైతే ఆరో నెలో ఎనిమిదో నెలో, ఆడపిల్లయితే ఐదో నెలో ఏడో నెలో ముహూర్తం పెట్టించుకోవడం అలవాటు. ఆ ఫొటోలు అందరి ఇళ్లలోనూ ఉంటాయి. కానీ మర్నాడు ఆ బిడ్డ ఏం తిన్నాడో, ఆ తర్వాతి వారంలో రోజుకి ఎన్నిసార్లు తిన్నాడో, గిన్నెలో ఉన్నది గట్టిగా ఉందో నీళ్లలా ఉందో అడిగితే ఎవరికీ గుర్తుండదు. బిడ్డ పోషణ సంగతి చాలావరకు ఆ గుర్తులేని రోజుల్లోనే తేలిపోతుంది.

అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో ఎదుగుదల గీత ఉంటుంది కదా, అది చూస్తే విషయం తెలుస్తుంది. మొదటి మూడు నాలుగు నెలలు చాలామంది పిల్లల గీత పైకి చక్కగా వెళ్తుంది. ఆరో నెల దాటాక మెల్లగా వాలుతుంది, ఏడాది వచ్చేసరికి పక్కకి పడుకుంటుంది, రెండేళ్లు వచ్చేసరికి పొట్టిదనం దాదాపు ఖాయమైపోతుంది. ఇది మన ఒక్కళ్ల కథ కాదు, 2010లో 54 దేశాల లెక్కలు కలిపి చూసినప్పుడు కూడా వయసుకి తగ్గ ఎత్తు రెండేళ్ల దాకా దిగజారుతూ రావడమే కనిపించింది. ఆ తర్వాత ఎంత పెట్టినా పోయిన ఎత్తు మొత్తం తిరిగి రావడం కష్టం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు తెలంగాణలో 33 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం. అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. వరి పండే డెల్టాలు, ఊరూరా కోళ్లు, గేదెలు ఉన్న రాష్ట్రాల్లో ఇదీ పరిస్థితి.

ఆరో నెలలోనే ఎందుకు మొదలవుతుందంటే, అప్పటిదాకా తల్లిపాలు ఒక్కటే సరిపోతాయి, నీళ్లు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత పాలు చెడిపోయేదీ పల్చబడేదీ ఏమీ ఉండదు, బిడ్డ అవసరమే పాలని దాటిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇలా ఉంటుంది: తల్లిపాలు బాగానే తాగుతున్న బిడ్డకి కూడా ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య రోజుకి సుమారు 200 క్యాలరీలు బయటి తిండి నుంచి రావాలి, తొమ్మిది నుంచి పదకొండు నెలల్లో 300, ఏడాది నిండాక 550. చూడ్డానికి చిన్న అంకెలే. కానీ దేశం మొత్తమ్మీద ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో పాలతో పాటు గట్టి తిండి మొదలుపెట్టినవాళ్లు ఆ సర్వేలో 46 శాతమే. సగానికి పైగా పిల్లలు ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఇంకా పాల మీదే ఉన్నారు. ఇక ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో, తినాల్సినన్ని రకాలు, తినాల్సినన్నిసార్లు తింటున్నవాళ్లు 11 శాతం. వందలో పదకొండు మంది. ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇంత తక్కువ వచ్చిందంటే అది కేవలం పేదరికం వల్ల అయ్యుండదు, డబ్బున్న ఇళ్లలో కూడా పిల్లల గిన్నె తేడాగానే ఉందన్నమాట.

తేడా ఎక్కడుందో చూడాలంటే వంటింట్లోకే వెళ్లాలి.

ఆరు నెలల బిడ్డ పొట్ట ఎంత? కిలో బరువుకి సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుందని అంచనా, అంటే ఏడు కిలోల బిడ్డకి ఒక్కసారికి 200 మిల్లీలీటర్లు, చిన్న టీ గ్లాసు కంటే కొంచెం ఎక్కువ. ఇప్పుడు మామూలుగా చేసే రాగి జావ తీసుకోండి. ఒక చెంచాడు పిండి, అంటే 10 గ్రాములు, 150 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి కాస్తారు. సీసాలోంచి కూడా జారిపోయేంత పల్చగా ఉంటుంది. బిడ్డ గటగటా తాగేస్తాడు, పొట్ట నిండుతుంది, నిద్రపోతాడు, ఇంట్లో అందరికీ హాయి. దాంట్లో ఉన్నది 33 క్యాలరీలు. నిండిన పొట్టలో అంతా నీళ్లే. పైగా ఆ నిండిన పొట్టతో తల్లిపాలు కూడా తక్కువ తాగుతాడు, జావ కంటే ఎక్కువ బలమున్న పాలని జావే పక్కకి నెట్టేస్తుంది. ఇదే పప్పు తేటకీ వర్తిస్తుంది. పప్పు ఉడికాక పైన తేరుకున్న నీళ్లు వంచి "బలం" అని పోస్తారు, బలమంతా గిన్నె అడుగున పప్పులోనే మిగిలిపోతుంది, దాన్ని పెద్దవాళ్లు అన్నంలో కలుపుకుని తింటారు. గంజి, చారు నీళ్లతో కలిపిన అన్నం, పల్చటి మజ్జిగన్నం, అన్నీ ఈ కోవలోవే.

అదే రాగి పిండి 25 గ్రాములు వేసి గట్టిగా కాచి, దించాక చిన్న చెంచాడు నెయ్యి వేస్తే అదే 150 మిల్లీలీటర్లలో 125 క్యాలరీలు వస్తాయి. దాదాపు నాలుగింతలు. గిన్నె అదే, పొట్ట అదే, పొయ్యి మీద పట్టిన టైమ్ కూడా ఇంచుమించు అదే. గ్రాముకి కనీసం 0.8 క్యాలరీ ఉండాలని నిపుణులు చెప్పే లెక్క ఇక్కడ సరిగ్గా అందుతుంది, ఇందాకటి పల్చటి జావలో గ్రాముకి 0.2 మాత్రమే. తూకాలు, లెక్కలు అక్కర్లేదు, చెంచాలోకి తీసుకుని పక్కకి వంచితే వెంటనే కారిపోకుండా అంటుకుని ఉండాలి, అంతే. చెంచా మీద నిలవనిది బిడ్డ ఒంటికీ పట్టదు.

గట్టిగా చేస్తే మింగలేడు, గొంతుకి అడ్డం పడుతుంది అనేది నిజమైన భయమే, దాన్ని కొట్టిపారేయకూడదు. రాగి పిండి చల్లారితే మరీ ముద్దలా బిగుసుకుంటుంది. దీనికి మన ఇళ్లలోనే మంచి ఉపాయం ఉంది: రాగులు, అదే తైదలు, చోళ్లు, ఏ ఊళ్లో ఏమన్నా సరే, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, సన్నటి సెగ మీద కొద్దిగా వేయించి పట్టించిన పిండి. మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది, అది పిండి పదార్థాన్ని ముక్కలు చేసి పల్చబరుస్తుంది. అంటే పిండి తగ్గించకుండానే జావ జారుగా అవుతుంది. ఒక చెంచాడు మొలకల పిండి వేడివేడి గట్టి జావలో కలిపి చూస్తే కాసేపట్లో చిక్కటి ముద్ద కాస్తా మెత్తగా వదులవడం కంటికి కనిపిస్తుంది. 1980లలో బరోడా యూనివర్సిటీలో తారా గోపాల్‌దాస్ బృందం దీని మీద చాలా పని చేసింది. మాడేదాకా వేయించిన పిండిలో మాత్రం ఈ గుణం ఉండదు. మొలక కట్టడం వల్ల ఇంకో లాభం, ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు కొంత తగ్గుతాయి.

ఐరన్ అనే మాట వచ్చింది కాబట్టి, బరువు కంటే కనపడని సమస్య అదే. బిడ్డ పుట్టేటప్పుడు తల్లి నుంచి కొంత ఐరన్ మూట కట్టుకుని వస్తాడు, బొడ్డుతాడు కొయ్యడానికి ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే ఇంకొంచెం అదనంగా దక్కుతుంది. ఆ నిల్వ ఇంచుమించు ఆరు నెలలకి ఖర్చయిపోతుంది. తక్కువ బరువుతో పుట్టినవాళ్లకి, రక్తహీనత ఉన్న తల్లులకి పుట్టినవాళ్లకి ఇంకా ముందే అయిపోవచ్చు. తల్లిపాలలో ఐరన్ చాలా తక్కువ. తొమ్మిది నుంచి పదకొండు నెలల మధ్య బిడ్డకి కావలసిన ఐరన్‌లో 97 శాతం గిన్నెలోంచే రావాలి. ఆ గిన్నెలో ఏముంది? అన్నం, పెరుగు, పాలు, ఇడ్లీ, చక్కెర, బిస్కెట్. అంతా తెలుపే. ఆ సర్వేలోనే ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రలో 63 శాతం అని తేలింది, గిన్నె రంగుకీ పిల్లల కంటి రెప్పల కింద పాలిపోయిన రంగుకీ సంబంధం లేదని ఎలా అనుకుంటాం? ఐరన్ లోపం ఈ వయసులో మెదడు ఎదుగుదల మీద కూడా పడుతుంది, ఎత్తు తక్కువైతే కనిపిస్తుంది, ఇది కనిపించదు, అంతే తేడా.

మన ఉగ్గు గొప్పదే. బియ్యం, పెసరపప్పు, కందిపప్పు దోరగా వేయించి, కొంచెం వాము వేసి పట్టించి ఉంచుకునే ఆ డబ్బా ఎన్ని తరాల పిల్లల్ని పెంచిందో చెప్పలేం. ధాన్యం, పప్పు కలవడం వల్ల ప్రొటీన్ పరంగా అది చాలా మంచి ఆలోచన. కానీ ఐరన్ పరంగా అది చాలదు, ఈ మాట చెప్పుకోక తప్పదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది తరచూ ఎదురయ్యే గొడవే: అమ్మ సూట్‌కేసులో ఉగ్గు పిండి తెస్తుంది, అక్కడి పిల్లల డాక్టర్ ఐరన్ కలిపిన సీరియల్ పెట్టమంటాడు, ఇద్దరూ రైటే. ఉగ్గు మానేయాల్సిన పని లేదు, దానికి తోడు పెట్టాలి. ఉడికించిన గుడ్డు, మెత్తగా చిదిమిన కోడి కార్జం, ముల్లు తీసిన చేప, పప్పులో ఉడికిన మునగాకు, పాలకూర, దాని మీద రెండు చుక్కల నిమ్మరసం. నిమ్మరసం రుచి కోసమే కాదు, అందులోని విటమిన్ సి ఆకుకూరల్లో ఉన్న ఐరన్‌ని ఒంటికి పట్టిస్తుంది.

ఇక్కడే "వేడి చేస్తుంది" అనే మాట అడ్డం వస్తుంది. గుడ్డు వేడి, మాంసం అరగదు, ఆకుకూర పెడితే విరేచనాలు, అరటిపండు పెడితే జలుబు. ఆదివారం కోడి కూర ఉడికే ఇంట్లోనే తొమ్మిది నెలల బిడ్డకి పెరుగన్నం పెడతారు. నిజానికి గుడ్డు, చేప, మాంసం ఆరో నెల నుంచి పెట్టొచ్చు, బాగా ఉడకాలి, మెత్తగా ఉండాలి, ఒక్కోటి కొద్దికొద్దిగా అలవాటు చేయాలి, అంతే షరతులు. పాలు మాత్రం మనం అనుకున్నంత మంచివి కావు. ఏడాదిలోపు బిడ్డకి గేదె పాలో ఆవు పాలో ప్రధాన ఆహారంగా పోస్తే అందులో ఐరన్ దాదాపు ఉండదు, పైగా పేగుల్లో కనపడకుండా కొద్దికొద్దిగా రక్తం పోవచ్చు. టీలో ముంచిన బిస్కెట్ సంగతి చెప్పక్కర్లేదు, టీలో ఉండే టానిన్లు వచ్చిన కాస్త ఐరన్‌ని కూడా పట్టుకుని బయటికి పంపేస్తాయి. ప్రభుత్వం ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇస్తుంది, ఆశా వర్కర్ తెచ్చిస్తే వద్దనకండి, మూత తీయకుండా అల్మారాలో పెట్టకండి.

ఆలస్యం ఒక తప్పయితే తొందర ఇంకో తప్పు. పుట్టిన రోజే నాలుక మీద తేనె రాయడం ఇంకా జరుగుతూనే ఉంది, ఏడాదిలోపు తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. మూడో నెలలో "పాలు చాలట్లేదు" అని డబ్బా పాలు, నాలుగో నెలలో ఉగ్గు. బిడ్డ ఏడవడం, వేళ్లు చప్పరించడం చూసి ఆకలి అనుకుంటారు, చాలాసార్లు అది ఆకలి కాదు. బయటి తిండి వెళ్లిన కొద్దీ బిడ్డ రొమ్ము పట్టడం తగ్గుతుంది, పట్టకపోతే పాలు పడటం తగ్గుతుంది, అప్పుడు నిజంగానే చాలవు. అదే 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లే, గంటలోపు ముర్రుపాలు పట్టిన పిల్లలు 37 శాతం, అక్కడే మొదటి డబ్బా ఇంట్లోకి వస్తుంది. పాల డబ్బాల ప్రకటనలు మన దేశంలో 1992 చట్టం నిషేధించింది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు, రెండేళ్ల లోపు పిల్లల ఆహారం దేనికీ ప్రకటన ఇవ్వకూడదు. అయినా డబ్బా పేరు తెలియని తల్లి లేదు.

మరి అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం? ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా నెలకి రెండున్నర కిలోల ప్యాకెట్, వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి, విటమిన్లు, ఖనిజాలు కూడా కలుపుతారు. తెలంగాణలో దానికి తోడు నెలకి 16 గుడ్లు. రోజుకి 100 గ్రాముల చొప్పున నిజంగా ఆ బిడ్డే తింటే క్యాలరీల కొరత చాలావరకు తీరుతుంది. సమస్య ఏంటంటే ఆ ప్యాకెట్ ఇంటికి వచ్చాక అది బిడ్డదిగా మిగలదు. అక్క తింటుంది, అన్న తింటాడు, లడ్డూలు చేస్తారు, రెండు వారాలకే ఖాళీ. ఆకలి అందరికీ ఉన్న ఇంట్లో ఒక్క బిడ్డకే దాచిపెట్టమని తల్లికి చెప్పడం తేలిక, చేయడం కష్టం. దాంట్లో చక్కెర ఉండటం గురించి కూడా మాట్లాడుకోవాలి. రెండేళ్ల లోపు పిల్లలకి చక్కెర ఎక్కువున్న పదార్థాలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. చక్కెర క్యాలరీలు పెంచుతుంది నిజమే, తీపి నాలుకకి అలవాటైన బిడ్డ పప్పన్నం, ఆకుకూర ఉమ్మేస్తాడు, అదీ నిజమే. ఖరీదైన ప్యాకెట్లు ఏమీ మెరుగు కాదు, మన దగ్గర అమ్మే సెరెలాక్‌లో చక్కెర కలుపుతున్నారని, అదే కంపెనీ యూరప్ దేశాల్లో చక్కెర లేకుండా అమ్ముతోందని 2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ బయటపెట్టింది.

ఇంతవరకూ చెప్పిందంతా గిన్నెలో ఏముండాలనే. ఆ గిన్నె పట్టుకుని కూర్చునేదెవరు అనేది దానికంటే పెద్ద ప్రశ్న. ఈ వయసు బిడ్డకి రోజుకి మూడు నాలుగుసార్లు పెట్టాలి, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి, ఒక్కోసారి కనీసం ఇరవై నిమిషాలు, అంటే రోజుకి దాదాపు రెండు గంటలు కేవలం తినిపించడానికే. 2017 నుంచి ప్రసూతి సెలవు 26 వారాలు, అంటే 182 రోజులు. తిండి మొదలుపెట్టాల్సిన రోజు, తల్లి డ్యూటీకి వెళ్లాల్సిన రోజు ఒకటే. అది కూడా ఉద్యోగం ఉన్నవాళ్లకి. పత్తి ఏరడానికీ మిర్చి కోతకీ వెళ్లే తల్లికి సెలవే లేదు, నాలుగైదు నెలల బిడ్డని పెద్దదాని చేతిలోనో ముసలమ్మ దగ్గరో వదిలి పొద్దున్నే ఆటో ఎక్కుతుంది. ముసలమ్మ చేతనైంది చేస్తుంది: పల్చగా కాచిన జావ, సీసా, మధ్యాహ్నం రెండు బిస్కెట్లు. ఆమెని తప్పుపట్టడానికి ఏమీ లేదు. "తల్లులకి అవగాహన లేదు" అని మీటింగుల్లో చెప్పేవాళ్లు ఈ రెండు గంటలు ఆ తల్లి ఎక్కడి నుంచి తేవాలో కూడా చెప్పాలి.

అలాగని చెప్పడం వల్ల ఉపయోగం లేదనీ కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్గొండ జిల్లాలో 60 పల్లెల్లో 600 మంది తల్లీబిడ్డలతో ఒక అధ్యయనం చేశారు, 2013లో అది అచ్చయింది. ఊళ్లని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు అంగన్‌వాడీ సేవలే, ఒక గుంపుకి ఏ నెలలో ఏం పెట్టాలో ఇంటికెళ్లి చెప్పారు, మూడో గుంపుకి దాంతోపాటు బిడ్డ ఆకలి సైగలు కనిపెట్టి ఎలా తినిపించాలో, ఎలా ఆడించాలో కూడా చెప్పారు. బిడ్డకి మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ఇలా నడిచింది. ఉచితంగా తిండి ఏమీ పంచలేదు, ఇంట్లో ఉన్నదే. అయినా చెప్పిన రెండు గుంపుల్లోనూ పిల్లలు తినే తిండి పెరిగింది. ఎత్తులో తేడా ఆహారం గురించి మాత్రమే చెప్పిన గుంపులో కనిపించింది, మానసిక ఎదుగుదలలో తేడా సైగలు కనిపెట్టడం, ఆటలు కూడా నేర్పిన గుంపులో కనిపించింది. ఈ రెండో సంగతి ఫోన్‌లో బొమ్మలు పెట్టి ముద్దలు తోసే మన రోజుల్లో బాగా ఆలోచించాల్సినది. ఫోన్ చూస్తున్న బిడ్డ నోరు తెరుస్తాడు, కానీ తను తింటున్నాడని అతనికి తెలియదు, చాలని తల తిప్పడం నేర్చుకోడు. చందమామని చూపిస్తూ పెట్టిన గోరుముద్దకీ దీనికీ తేడా అక్కడే ఉంది, చందమామ బిడ్డ మాటకి ఎదురుచూసే అమ్మని పక్కకి నెట్టలేదు. మిక్సీ కూడా ఇలాంటిదే, తొమ్మిది పది నెలలు దాటినా అన్నీ మిక్సీలో తిప్పే పెడితే నమలడం ఆలస్యంగా వస్తుంది, తర్వాత పలుకు తగిలితే వాంతి చేసుకుంటారు. ఎనిమిదో నెల నుంచి చేత్తో చిదిమి, పలుకుగా పెట్టడం మేలు.

జ్వరం, విరేచనాలు వచ్చినప్పుడు తిండి ఆపేయడం ఇంకో పాత అలవాటు. అప్పుడే ఎక్కువ కావాలి, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు, తగ్గాక రెండు వారాలు రోజుకి ఒక పూట అదనంగా.

ఇక పాలు మాన్పించడం. వేపాకు నూరి రొమ్ముకి రాయడం, బిడ్డని నాలుగు రోజులు అమ్మమ్మ ఇంట్లో వదిలేయడం మనకి తెలిసిన పద్ధతులే. ఎక్కువగా మళ్లీ నెల తప్పినప్పుడు ఇలా చేస్తారు, కడుపుతో ఉన్న తల్లి పాలు తాగితే బిడ్డకి పడవని నమ్మకం. మామూలు గర్భంలో అలాంటి ప్రమాదం ఏమీ లేదు. 1930లలో ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘనాలో, పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టర్ ఒళ్లు ఉబ్బి, జుట్టు రంగు మారి చనిపోతున్న పిల్లల్ని చూసి అక్కడి గా భాషలోని పేరునే వైద్యానికి పరిచయం చేసింది: క్వాషియార్కర్. తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు ముందు బిడ్డకి వచ్చే జబ్బు అని దానర్థం. అక్కడి తల్లులకి కారణం తెలుసన్నమాట, డాక్టర్ల కంటే ముందే. చాలాకాలం ఇది ప్రొటీన్ లోపమే అనుకుని ప్రొటీన్ పొడుల వెంట పడ్డారు. మన పిల్లలకి కొరత ముందుగా మొత్తం తిండిలోనే అని, ఇంట్లో తినే అన్నం పప్పే కడుపు నిండా తింటే ప్రొటీన్ అవసరం చాలావరకు తీరుతుందని 1970ల మొదట్లో హైదరాబాద్ నుంచి పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్ గట్టిగా వాదించారు. ఇప్పటికీ టీవీలో ప్రొటీన్ పొడుల మోత తగ్గలేదు.

ఏడాది దాటిన బిడ్డకి తల్లిపాల నుంచి రోజుకి దాదాపు 350 క్యాలరీలు అందుతుంటాయి. మాన్పించాల్సి వస్తే వారానికో పూట చొప్పున మెల్లగా తగ్గిస్తూ, తగ్గించిన ప్రతి పూటకీ బదులుగా ఒక గుడ్డో, నెయ్యి వేసిన పప్పన్నమో, అరటిపండు చిదిమిన పెరుగో చేర్చుకుంటూ పోవాలి. వేపాకు పూసిన చోట జరిగేది వేరు. బిడ్డ మూడు రాత్రులు ఏడుస్తాడు, నాలుగో రాత్రి అడగడం మానేస్తాడు, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు, ఆ 350 క్యాలరీలు ఆగిపోయాయి, మర్నాడు పొద్దున గిన్నెలో మాత్రం నిన్నటి చారన్నమే, నిన్న పెట్టినంతే.